డెల్టా జి ఒకటే అయినా ఒక ప్రోటీన్ సెకన్లలో, ఇంకొకటి నెలల్లో విప్పుకుంటుంది, ఎందుకని?

ప్రశ్న అడిగింది కావలిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్న అమ్మాయి. "సార్, హైడ్రోజన్ బంధాలు ఎంత ఎక్కువుంటే ప్రోటీన్ అంత నెమ్మదిగా విప్పుకుంటుందని మా నోట్స్‌లో ఉంది. కానీ డెల్టా జి దాదాపు ఒకటే ఉన్న రెండు ప్రోటీన్లలో ఒకటి సెకన్లలో, ఇంకొకటి నెలల్లో విప్పుకోవచ్చని చదివాను. ఇదెలా కుదురుతుంది? నిర్మాణం బొమ్మ చూసి అన్‌ఫోల్డింగ్ వేగం చెప్పొచ్చా? నా ప్రాజెక్టు రొయ్య ప్రోటీన్ల మీద. వేడికి ఏది తట్టుకుంటుందో చూడాలి."

అమ్మా, సరైన చోట ఆగి అడిగావు. ఇక్కడ స్పష్టత లేకపోతే ప్రాజెక్టులో వచ్చిన ప్రతి అంకెకూ తప్పు అర్థం చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. నేను చాలా ఏళ్లు ఎంజైముల మీద పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో చేపలు, రొయ్యల శాంపిళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న నాకు రెండు చోట్లా ఎదురైంది.

ముందు అసలు మాట. అమైనో ఆమ్లాల గొలుసు తన ఆకారంలోకి మడతపడటాన్ని ముడుచుకోవడం అనీ, ఆ మడత పోవడాన్ని విప్పుకోవడం (అన్‌ఫోల్డింగ్) అనీ అంటాం. డెల్టా జి అంటే ముడుచుకున్న స్థితికీ విప్పుకున్న స్థితికీ మధ్య ఉన్న శక్తి తేడా. వేగానికి ఆ తేడాతో నేరుగా సంబంధం లేదు. ఒక స్థితి నుంచి రెండో స్థితికి పోయే దారిలో దాటాల్సిన అడ్డంకి ఎంత ఎత్తుందన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఉదయగిరి వైపు నుంచి బద్వేలు వైపుకు వెళ్లాలంటే వెలిగొండలు దాటాలి కదా. ఉదయగిరి ఎంత ఎత్తులో ఉంది, బద్వేలు ఎంత ఎత్తులో ఉంది అన్న లెక్క చూసి మధ్యలో కనుమ ఎంత ఎత్తో చెప్పలేం. ప్రోటీన్ విషయంలో ఆ కనుమ పేరే ట్రాన్సిషన్ స్టేట్.

ఈ ఎత్తులో చిన్న తేడా కూడా వేగంలో చాలా పెద్దగా కనిపిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అడ్డంకి మోలుకు 5.7 కిలోజౌళ్లు పెరిగితే వేగం పదో వంతుకు పడిపోతుంది. ఇంకో 5.7 పెరిగితే వందో వంతు. ప్రోటీన్ లోపల ఒక మంచి హైడ్రోఫోబిక్ (నీటికి దూరంగా ఉండే భాగాల) పట్టు పోయినా, ఒక ఉప్పు వంతెన (వ్యతిరేక ఆవేశాల జత) సరిగ్గా కుదిరినా వచ్చే శక్తి తేడా దాదాపు ఈ స్థాయిలోనే ఉంటుంది. అందుకే ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారినా వేగం పది, ఇరవై రెట్లు మారిపోవడం మామూలే.

ఇప్పుడు హైడ్రోజన్ బంధాల సంగతి. మీ నోట్స్‌లో ఉన్నది పూర్తిగా తప్పని అనను గానీ, ఆ వాక్యం పట్టుకుని ఏ ప్రోటీన్ వేగాన్నీ అంచనా వెయ్యలేవు. నీటిలో కరిగే గుండ్రటి ప్రోటీన్లలో హైడ్రోజన్ బంధాల సంఖ్య గొలుసు పొడవును బట్టే పెరుగుతుంది. నూరు అమైనో ఆమ్లాలున్న రెండు ప్రోటీన్లను తీసుకుంటే ఆ సంఖ్యలో పెద్ద తేడా ఉండదు. పైగా విప్పుకున్నప్పుడు ఆ బంధాలు ఊరికే పోవు, వాటి స్థానంలో నీటి అణువులతో బంధాలు ఏర్పడతాయి. లెక్కించాల్సింది మొత్తం ఎన్ని బంధాలున్నాయని కాదు. ట్రాన్సిషన్ స్టేట్ చేరే లోపు వాటిలో ఎన్ని, ఏ చోట, ఒక్కసారిగా తెగాలి అన్నది. అడ్డంకి దాటాక తెగే బంధాలు ఎన్నున్నా వేగం మీద వాటి ప్రభావం ఉండదు. ఈ ఒక్క వాక్యం బాగా పట్టుకో, మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి.

నీ ప్రశ్నకు సూటి జవాబు ఒక చిన్న సమీకరణంలో ఉంది. మధ్యలో ఆగకుండా రెండే స్థితుల మధ్య తిరిగే చిన్న ప్రోటీన్లలో సమతాస్థితి స్థిరాంకం అంటే ముడుచుకునే వేగాన్ని విప్పుకునే వేగంతో భాగిస్తే వచ్చేది. డెల్టా జి ఆ భాగఫలాన్నే చెబుతుంది. ముడుచుకునే వేగం సెకనుకు లక్ష, విప్పుకునే వేగం సెకనుకు పది అయినా భాగఫలం పది వేలే. ముడుచుకునే వేగం సెకనుకు ఒకటి, విప్పుకునే వేగం సెకనుకు పదివేలో వంతు అయినా భాగఫలం పది వేలే. డెల్టా జి ఒకటే. కానీ మొదటిది సెకనులో పదో వంతు కూడా నిలవదు, రెండోది దాదాపు రెండు గంటలు నిలుస్తుంది. అంటే స్టెబిలిటీ సమానంగా ఉన్నప్పుడు, నిదానంగా ముడుచుకునే ప్రోటీనే నిదానంగా విప్పుకుంటుంది.

మరి ముడుచుకునే వేగాన్ని నిర్ణయించేదేమిటి? ఇక్కడే నిర్మాణం ముందుకు వస్తుంది. 1998లో ప్లాక్స్‌కో, సైమన్స్, బేకర్ ఒక సంగతి గమనించారు. ముడుచుకున్న ప్రోటీన్‌లో ఒకదాన్నొకటి తాకుతున్న అమైనో ఆమ్లాల జతలు తీసుకుని, ప్రతి జతా గొలుసు మీద ఒకదానికొకటి ఎంత దూరంలో ఉందో సగటు కట్టి, ఆ సగటును గొలుసు పొడవుతో భాగించారు. దీన్నే కాంటాక్ట్ ఆర్డర్ అంటారు. చిన్న ప్రోటీన్లలో ఈ అంకె పెరిగేకొద్దీ ముడుచుకునే వేగం తగ్గుతుంది. ఆల్ఫా హెలిక్స్‌లో, అంటే స్ప్రింగులా చుట్టుకున్న గొలుసులో, ప్రతి అమైనో ఆమ్లం తన నుంచి నాలుగో దానితో బంధం పెట్టుకుంటుంది. అన్నీ దగ్గరి చుట్టరికాలే కాబట్టి త్వరగా కుదురుతుంది, త్వరగా సడలుతుంది. బీటా షీట్‌లో, అంటే పోగులు పక్కపక్కన పరుచుకున్న నిర్మాణంలో, గొలుసు మొదట్లో ఉన్న పోగు చివర్లో ఉన్న పోగు పక్కన వచ్చి కూర్చోవాల్సి రావచ్చు. అలా కుదరడానికి గొలుసు చాలా స్వేచ్ఛ వదులుకోవాలి. అందుకే అడ్డంకి ఎత్తుగా ఉంటుంది, ఎటు వైపు నుంచి ఎక్కినా.

కాబట్టి బొమ్మ చూసి మొదటి అంచనా వెయ్యొచ్చు. మూడు హెలిక్స్‌ల చిన్న కట్ట అయితే అది వేగంగా విప్పుకునే రకం. 35 అమైనో ఆమ్లాల విల్లిన్ హెడ్‌పీస్ మైక్రోసెకన్లలో ముడుచుకుంటుంది. అంత చిన్న ప్రోటీన్‌కు పెద్ద స్టెబిలిటీ ఉండదు కాబట్టి విప్పుకోవడమూ చాలా వేగమే. దూరపు పోగులు అల్లుకున్న బీటా నిర్మాణమైతే నిదానం. ఫెర్ష్ట్ బృందం 1990ల మొదట్లో లోతుగా పరిశీలించిన సీఐ2 అనే 64 అమైనో ఆమ్లాల ప్రోటీన్, ఒక హెలిక్స్, దానికి ఆనుకుని బీటా షీట్ ఉన్నది, ముడుచుకోవడానికి సెకనులో చిన్న భాగం చాలు. మామూలు నీటిలో విప్పుకోవడానికి మాత్రం గంట స్థాయిలో పడుతుంది. ఇది మొదటి అంచనా మాత్రమే సుమా. ఒకే ఆకారం ఉన్న ప్రోటీన్లలో కూడా విప్పుకునే వేగాలు బాగా తేడాగా ఉంటాయి, ఆ తేడాలు ఆకారంతో తేలవు.

దానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ కోల్డ్ షాక్ ప్రోటీన్లు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఒకటుంది, వేడి నీటి ఊటల్లో బతికే బాసిల్లస్ కాల్డోలిటికస్‌లో దాని తోబుట్టువుంది. ఒకటి 67, ఇంకొకటి 66 అమైనో ఆమ్లాలు, ఆకారం అచ్చంగా ఒకటే. తేడా పన్నెండు చోట్ల మాత్రమే. కానీ వేడి ఊటల దాని కరిగే ఉష్ణోగ్రత, అంటే సగం ప్రోటీన్ విప్పుకునే వేడి, 20 డిగ్రీలకు పైగా ఎక్కువ. ముడుచుకునే వేగాలు చూస్తే రెండూ మిల్లీసెకన్లలోనే ముడుచుకుంటాయి, పెద్ద తేడా లేదు. తేడా అంతా విప్పుకునే వేగంలో ఉంది, పది రెట్లకు పైగా. ఆ పన్నెండింటిలోనూ పని చేస్తున్నవి ప్రధానంగా రెండే, మూడో స్థానం, అరవై ఆరో స్థానం. సబ్టిలిస్‌లో ఆ రెండు చోట్లా ఋణావేశం ఉన్న గ్లుటామేట్‌లు ఉన్నాయి. గొలుసు మొదలు, చివర మడతలో పక్కపక్కకు వస్తాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాల్డోలిటికస్‌లో మూడో చోట ఆర్జినిన్, అరవై ఆరో చోట ల్యూసిన్ ఉన్నాయి. నెట్టుకోవడం పోయింది. హైడ్రోజన్ బంధాల లెక్కలో ఏమీ మారలేదు, గమనించావా.

ఏ భాగం ముందు సడలుతుందో ఎలా తెలుస్తుంది? ఫెర్ష్ట్ పద్ధతి ఫై విలువలు. ఒక చోట అమైనో ఆమ్లం మార్చి, స్టెబిలిటీ ఎంత తగ్గిందో చూస్తారు. ఆ తగ్గుదల మొత్తం ముడుచుకునే వేగంలో కనిపిస్తే, ట్రాన్సిషన్ స్టేట్‌లో ఆ చోటు అప్పటికే కుదిరి ఉందన్నమాట, ఫై విలువ ఒకటి. మొత్తం విప్పుకునే వేగంలో కనిపిస్తే, ఆ చోటు అడ్డంకి పైకి చేరేసరికే విడిపోయి ఉంది, ఫై విలువ సున్నా. కాబట్టి విప్పుకోవడాన్ని నెమ్మది చెయ్యాలంటే ఫై విలువ సున్నాకు దగ్గరగా ఉన్న చోట్లను బిగించాలి. ఒకటికి దగ్గరగా ఉన్న చోట ఎంత బిగించినా ముడుచుకోవడం వేగం పెరుగుతుందే తప్ప విప్పుకోవడం ఆగదు.

డైసల్ఫైడ్ బంధం (రెండు సిస్టీన్‌ల గంధకాల మధ్య కట్టు) విషయంలో మా దగ్గరికి వచ్చే పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డైసల్ఫైడ్ ఉంటే గట్టి ప్రోటీన్ అని ముక్తసరిగా చదువుకుని వస్తారు. ఆ బంధం ముఖ్యంగా చేసేది విప్పుకున్న గొలుసు స్వేచ్ఛను తగ్గించడం. అది కలిపే రెండు చోట్లూ ట్రాన్సిషన్ స్టేట్‌లో కూడా దగ్గరగానే ఉంటే, విప్పుకునే వేగానికి ఏమీ కాదు. ముడుచుకోవడం మాత్రం వేగమవుతుంది. ఆ రెండు చోట్లూ ట్రాన్సిషన్ స్టేట్ నాటికి విడిపోవాల్సినవైతేనే విప్పుకోవడం నెమ్మదిస్తుంది. ఒకే ప్రోటీన్‌లో డైసల్ఫైడ్‌ను ఒక చోట పెడితే గొప్ప లాభం, పక్కన పెడితే ఏమీ లేకపోవడానికి కారణం ఇదే.

పెద్ద ఎంజైముల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ ప్రోటీన్ మొత్తం ఒక్కసారి విప్పుకోదు. ఏదో ఒక బలహీనమైన మూల ముందు సడలుతుంది, మిగతాది దాని వెనక వస్తుంది. 1998లో ఒక బృందం బాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ ప్రోటియేజ్‌ను (ప్రోటీన్లను కోసే ఎంజైము) తీసుకుని, గొలుసు మొదటి భాగంలో సడలే ఆ మూల చుట్టూనే మార్పులు చేసింది. మొత్తం ఎనిమిది మార్పులు. అందులో ఒకటి ఎనిమిదో స్థానాన్ని అరవయ్యో స్థానంతో కలిపే డైసల్ఫైడ్. మరుగుతున్న నీటి ఉష్ణోగ్రతలో, అంటే 100 డిగ్రీల దగ్గర, దాని అర్ధాయువు (సగం చెడిపోవడానికి పట్టే కాలం) 170 నిమిషాలకు చేరింది. వందల అమైనో ఆమ్లాల ఎంజైములో ఒక్క మూలను బిగిస్తే మొత్తం మరుగుడును తట్టుకుంది. అదే మార్పులు ఇంకో పక్క చేసి ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదు.

లోహ అయాన్లు కూడా ఈ మూలల్ని కాపాడే పని చేస్తుంటాయి. పిండి పదార్థాన్ని విడగొట్టే ఆల్ఫా అమైలేజ్‌లో కాల్షియం అలాంటిదే. లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ వేసి కాల్షియం లాగేస్తే అదే ఎంజైము చాలా తొందరగా చెడిపోతుంది. కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవోట్రాన్స్‌ఫెరిన్ ఇనుము లేకుండా 60 డిగ్రీల చుట్టూ విప్పుకుంటుంది. ఇనుము పట్టుకుంటే ఇంకో పదిహేను డిగ్రీలకు పైగా తట్టుకుంటుంది. నీ శాంపిల్ బఫర్‌లో ఈడీటీఏ ఉందో లేదో రాసుకోవడం మర్చిపోకు.

ఇక నువ్వు చదివిన నెలల సంగతి. బహుశా ఆల్ఫా లైటిక్ ప్రోటియేజ్ గురించే చదివి ఉంటావు. మట్టిలో ఉండే లైసోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా బయటికి వదిలే ఎంజైము అది, 198 అమైనో ఆమ్లాలు. ఇది చూసినప్పుడు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దీని ముడుచుకున్న స్థితి విప్పుకున్న స్థితి కంటే తక్కువ స్టెబిలిటీ ఉన్నది. అంటే డెల్టా జి లెక్క ప్రకారం అది విప్పుకునే ఉండాలి. కానీ విప్పుకోవడానికి దాని అర్ధాయువు దాదాపు ఒక సంవత్సరం. దానంతటది ముడుచుకోవాలంటే 1800 సంవత్సరాల స్థాయిలో పడుతుందని లెక్క తేల్చారు. మరి ఎలా తయారవుతుంది? గొలుసు ముందు భాగంలో 166 అమైనో ఆమ్లాల ప్రో ప్రాంతం ఒకటి ఉంటుంది. అది ముడుచుకునే పనికి సాయం చేసి, పని అయ్యాక తెగి నాశనమైపోతుంది. ఆ తర్వాత ఎంజైము అడ్డంకి అవతల చిక్కుకుపోయి ఉంటుంది. దీన్నే కైనెటిక్ స్టెబిలిటీ అంటారు.

ఇంత కష్టం ఎందుకంటే, అది ఇతర ప్రోటియేజ్‌ల మధ్య బతకాలి. ప్రోటియేజ్ ఒక గొలుసును కొయ్యాలంటే ఆ గొలుసు కొంచెమైనా విప్పుకుని దాని చేతికి చిక్కాలి. మామూలు ప్రోటీన్లలో ఏదో ఒక మూల ఎప్పటికప్పుడు కాస్త తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. ఈ ఎంజైములో అలా చిన్నచిన్నగా తెరుచుకోవడం దాదాపు లేదు. విప్పుకుంటే ఒక్క దెబ్బతో మొత్తం విప్పుకోవాలి, లేకపోతే లేదు. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ఒకదాన్నొకటి, తమని తాము కోసుకుని పోతున్న చోట కూడా ఇది నిలబడుతుంది. ఇలాంటి పట్టు ఉన్న ప్రోటీన్లు ఎక్కువగా బీటా నిర్మాణం ఉన్నవీ, రెండు మూడు ఉపభాగాలు కలిసి ఉన్నవీ. ఎస్‌డీఎస్ (ప్రోటీన్లను విప్పే డిటర్జెంట్) కలిపి, మరిగించకుండా జెల్ మీద నడిపితే అవి విప్పుకోకుండానే కదులుతాయి. స్ట్రెప్టావిడిన్ అలాంటిదే. మీ కాలేజీలో పెద్ద పరికరాలు లేకపోయినా ఈ పరీక్ష చెయ్యొచ్చు. ఒకే శాంపిల్‌ను మరిగించి ఒక గాడిలో, మరిగించకుండా పక్క గాడిలో వేసి చూడు. పట్టీలు వేరే చోట్ల వస్తే అక్కడ నిదానంగా విప్పుకునే ప్రోటీన్ ఒకటుందని అనుమానించొచ్చు.

ఈ అడ్డంకి ఎత్తు వైద్యంలో కూడా పనికొచ్చింది. రక్తంలో ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ నాలుగు ఉపభాగాలుగా ఉంటుంది. అవి విడిపోయి, ఒక్కొక్కటీ సడలి, పోగులుగా పేరుకుంటే గుండెకూ నరాలకూ అమిలాయిడ్ జబ్బు వస్తుంది. ముప్పయ్యో స్థానంలో వాలీన్ బదులు మెథియోనిన్ ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. అయితే కొందరిలో రెండో జన్యు ప్రతిలో 119వ స్థానంలో థ్రియోనిన్ బదులు మెథియోనిన్ ఉంటుంది. వాళ్లకు జబ్బు రాకుండా ఉండటమో, తేలిగ్గా రావడమో కనిపించింది. ఆ మార్పు నాలుగు భాగాలూ విడిపోయే వేగాన్ని పదుల రెట్లు తగ్గిస్తుంది. టఫామిడిస్ అనే మందు ఇదే పని చేస్తుంది. నాలుగు భాగాలూ కలిసున్న రూపానికి అతుక్కుని, విడిపోవడానికి దాటాల్సిన అడ్డంకిని పెంచుతుంది. 2011లో యూరప్‌లో, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది.

వేడితోనో, యూరియా లాంటి రసాయనంతోనో విప్పడం సరే, లాగి విప్పితే? కండరంలో, కణం లోపల చెత్త తీసే యంత్రాల్లో జరిగేది అదే. ఇక్కడ లాగే దిశ కూడా లెక్కలోకి వస్తుంది. టైటిన్ అనే కండర ప్రోటీన్‌లో ఐ27 అనే భాగాన్ని రెండు చివర్లా పట్టి లాగితే సుమారు 200 పికోన్యూటన్ల బలం కావాలి. ఎందుకంటే రెండు పక్కపక్క బీటా పోగుల మధ్య ఉన్న ఆరు హైడ్రోజన్ బంధాలు ఒకేసారి బరువు మోస్తాయి. హెలిక్స్‌ల కట్ట అయిన స్పెక్ట్రిన్‌కు ముప్పై చుట్టుపక్కల చాలు. యుబిక్విటిన్ ఇంకా చక్కటి పాఠం చెబుతుంది. అదే 76 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మొదలు, చివర పట్టి లాగితే దాదాపు 200. నలభై ఎనిమిదో లైసిన్, చివర పట్టి లాగితే 85 మాత్రమే. ప్రోటీన్ ఒకటే, బంధాలు ఒకటే, డెల్టా జి ఒకటే. ఏ బంధాలు కలిసి బరువు మొయ్యాలి, ఏవి ఒక్కొక్కటిగా తెగిపోవచ్చు అన్నది మాత్రమే మారింది. హైడ్రోజన్ బంధాల వాక్యానికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. కణంలో చెత్త తీసే యంత్రమైన ప్రోటియాజోమ్ కూడా ఏ చివర పట్టుకుంటే అక్కడి నిర్మాణాన్ని ముందు ఎదుర్కొంటుంది. అక్కడ హెలిక్సో, బయటి మెలికో ఉంటే పని సులువు, లోపలి బీటా పోగు ఉంటే కష్టం.

ఇప్పుడు నీ ప్రాజెక్టు. "వేడికి తట్టుకుంటుంది" అన్న మాటలో మూడు వేరే వేరే సంగతులు కలిసిపోయి ఉంటాయి. అవి విడదీయకపోతే ఫలితాలు అర్థం కావు. ఒకటి, ఎంత వేగంగా విప్పుకుంటుంది. రెండు, చల్లారాక మళ్లీ ముడుచుకుంటుందా. మూడు, విప్పుకున్న తర్వాత ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడుతుందా. 1954లో లమ్రీ, ఐరింగ్ చెప్పిన నమూనా ఇదే. ముందు విప్పుకోవడం, అక్కడి నుంచి వెనక్కి రాగలగడం, లేదా అక్కడి నుంచి తిరిగిరాని దారిలో పడటం.

రొయ్య అలర్జీకి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్‌ను చూడు. 284 అమైనో ఆమ్లాలు, రెండు పొడుగాటి హెలిక్స్‌లు ఒకదానికొకటి పురి పెట్టుకుని ఉంటాయి. మన వెనామీ రొయ్యను ఉడికించినా ఈ అలర్జీ పోదు. అందుకని చాలామంది ఇది వేడికి విప్పుకోని ప్రోటీన్ అనుకుంటారు. నిజానికి ఉడికే వేడికి చాలా ముందే ఇది విప్పుకుంటుంది. అన్నీ దగ్గరి బంధాలున్న హెలిక్స్ కదా. కానీ లోపల దాచిపెట్టుకున్న పెద్ద హైడ్రోఫోబిక్ గర్భం లేదు కాబట్టి విప్పుకున్నా గడ్డకట్టదు. చల్లారితే మళ్లీ పురి పెట్టుకుంటుంది. ఉడికించిన రొయ్యల నీటిలో కూడా కరిగి ఉంటుంది. పైగా యాంటీబాడీలు గుర్తుపట్టే భాగాల్లో చాలావరకు గొలుసులోని వరుస ముక్కలే. మడత పోయినా అవి పోవు.

గుడ్డులోని ఓవాల్బుమిన్ దీనికి పూర్తిగా ఎదురు. 385 అమైనో ఆమ్లాలు. 80 డిగ్రీల చుట్టూ గానీ విప్పుకోదు, విప్పుకుంటే ఇక వెనక్కి రాదు, గడ్డకట్టేస్తుంది. పాలల్లో ఇంకో రకం. కేసీన్‌కు మొదటి నుంచీ గట్టి మడత లేదు కాబట్టి విప్పుకునే ప్రశ్నే పెద్దగా లేదు, అందుకే పాలు మరిగించినా విరగవు. బీటా లాక్టోగ్లోబులిన్ మాత్రం 70 డిగ్రీలు దాటాక విప్పుకుంటుంది. దాని లోపల దాగిన 121వ సిస్టీన్ బయటపడి కప్పా కేసీన్‌తో డైసల్ఫైడ్ కట్టుకుంటుంది. పాశ్చరైజేషన్‌ను చూస్తే వేగం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. అంతలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పని ఆగిపోతుంది, లాక్టోపెరాక్సిడేజ్ పని మాత్రం మిగిలే ఉంటుంది. అందుకే డెయిరీల్లో మొదటిదాన్ని పాశ్చరైజేషన్ సరిగ్గా జరిగిందా అని చూడటానికి, రెండోదాన్ని మరీ ఎక్కువ వేడి చేశారా అని చూడటానికి వాడతారు. అదే పాలు, అదే వేడి, అదే 15 సెకన్లు. తేడా అంతా విప్పుకునే వేగంలోనే ఉంది.

ఉష్ణోగ్రత గురించి ఒక హెచ్చరిక. మామూలు రసాయన చర్యకు పది డిగ్రీలు పెరిగితే వేగం రెండు మూడు రెట్లవుతుంది. ప్రోటీన్ విప్పుకోవడంలో పదుల రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి వాటర్ బాత్‌లో ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా నీ అర్ధాయువు అంకె నమ్మదగ్గది కాకుండా పోతుంది. బాత్ మీద కనిపించే అంకెను నమ్మకు, ట్యూబు లోపల థర్మామీటర్ పెట్టి చూసుకో.

కరిగే ఉష్ణోగ్రత అనే అంకెను కూడా జాగ్రత్తగా వాడు. తిరిగిరాని, లేదా చాలా నిదానంగా జరిగే సందర్భాల్లో ఆ అంకె నువ్వు ఎంత వేగంగా వేడి చేశావన్న దాన్ని బట్టి మారుతుంది. దీనికి కొలాజెన్ గొప్ప ఉదాహరణ. మనిషి టైప్ 1 కొలాజెన్‌ను మామూలు వేగంతో వేడి చేస్తే శరీర ఉష్ణోగ్రత కంటే పైన కరుగుతుంది. చాలా చాలా నిదానంగా చేస్తే 37 డిగ్రీల కంటే కిందే కరుగుతుందని 2002లో చూపించారు. మూడు గొలుసులు పొడవునా పెనవేసుకున్న నిర్మాణం కావడంతో విప్పుకోవడానికి రోజులు పడుతుంది. చేపల కొలాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అది ఎంత తక్కువుంటే అంత తక్కువ వేడికే కరుగుతుంది. చల్లటి సముద్రంలో ఉండే కాడ్ చేపది 15 డిగ్రీల చుట్టూ కరుగుతుంది. మన వేడి నీళ్ల చేపలది అంతకంటే ఎక్కువే గానీ, పశువుల కొలాజెన్ కంటే తక్కువే. మాంసం కుక్కర్‌లో పెట్టాల్సి రావడానికీ, కొరమేను ముక్క కాసేపటికే మెత్తబడటానికీ ఒక కారణం ఇది. రాత్రి వండిన చేపల పులుసు తెల్లారేసరికి చిక్కబడటంలో కూడా ఈ కరిగిన కొలాజెన్ పాత్ర ఉంది. విప్పుకున్న గొలుసులు చల్లారాక అక్కడక్కడా మాత్రమే మళ్లీ పెనవేసుకుని నీటిని పట్టేస్తాయి.

నువ్వు చెయ్యాల్సిన పని ఇలా అనుకో. ఒకే ఉష్ణోగ్రతకు ఒకే అంకె తీసుకోకుండా, మూడు నాలుగు ఉష్ణోగ్రతల దగ్గర కాలంతో పాటు ఎంత ప్రోటీన్ కరిగి ఉందో, ఎంత మడత మిగిలిందో రెండూ విడివిడిగా కొలువు. ట్రోపోమయోసిన్ లాంటి హెలిక్స్ ప్రోటీన్‌కు ట్రిప్టోఫాన్ ఫ్లోరోసెన్స్ కంటే 222 నానోమీటర్ల దగ్గర, హెలిక్స్ ఎంత మిగిలిందో చూపే సీడీ (సర్క్యులర్ డైక్రోయిజం) సంకేతం మంచిది. దాని కోసం యూనివర్సిటీ పరికరం అడగాల్సి వస్తుంది, ముందే టైమ్ బుక్ చేసుకో. వేడి చేసిన శాంపిల్‌ను చల్లార్చి మళ్లీ కొలవడం తప్పనిసరి, లేకపోతే తిరిగొచ్చిందో లేదో తెలియదు. యూరియాతో చెయ్యగలిగితే, వేరే వేరే గాఢతల దగ్గర విప్పుకునే వేగం కొలిచి, దాని లాగరిథమ్‌ను గాఢతకు ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖను సున్నా యూరియా దాకా పొడిగిస్తే మామూలు నీటిలో వేగం తెలుస్తుంది. నెలలు పట్టే ప్రోటీన్‌కు కూడా ఒక వారంలో అంకె రాబట్టేది ఈ పద్ధతితోనే. రేఖ వంగితే బలవంతంగా సరళరేఖ గియ్యకు. మధ్యలో ఇంకో స్థితి ఉందని అర్థం, దాన్ని అలాగే రిపోర్టులో రాయి. యూరియాను ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకో. నిలవ ఉంచితే, అందులోనూ ఈ ఎండల్లో, సయనేట్ తయారై లైసిన్‌లను మార్చేస్తుంది. నువ్వు కొలిచేది నీ ప్రోటీన్ వేగం కాకుండా పోతుంది.

రొయ్య కండలోని మయోసిన్‌ను కూడా పక్కన పెట్టి చూడమని నా సలహా. దాని తోక ట్రోపోమయోసిన్ లాగే పురి పెట్టిన హెలిక్స్, తల మాత్రం గుండ్రటి ప్రోటీన్. తల విప్పుకుంటే గడ్డకడుతుంది, రొయ్య ఉడికినప్పుడు గట్టిపడేది ముఖ్యంగా దీనివల్లే. ఒకే రొయ్యలో, ఒకే వేడిలో, ఒకటి తిరిగొచ్చేది, ఒకటి తిరిగిరానిది దొరుకుతాయి. కొలిచిన అంకెలు ఇక్కడే పెట్టు, బఫర్, పీహెచ్, ఉప్పు గాఢతలతో సహా. చూసి చెబుతాను.